మ్యారో రిపోర్టులో సీఎల్ఎల్, మైలోమా రెండూ రాశారు, ముందు దేనికి మందు వాడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. నాన్నగారికి 67 ఏళ్ళు. రెండేళ్ళ కిందట మామూలు చెకప్‌లో తెల్లకణాలు 38,000 కనిపిస్తే టెస్టులు చేసి సీఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అన్నారు, ఇప్పుడే మందులు అక్కర్లేదు, మూడు నెలలకోసారి చూపించుకోండి అన్నారు. ఈమధ్య నడుం నొప్పి, విపరీతమైన నీరసం, హిమోగ్లోబిన్ 8.6కి పడిపోయింది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9. మళ్ళీ బోన్ మ్యారో (మూలుగ) టెస్టు చేస్తే సీఎల్ఎల్‌తో పాటు ప్లాస్మా సెల్ మైలోమా కూడా ఉందని రాశారు. ఒక డాక్టరు గారు సీఎల్ఎల్ ముదిరింది అన్నారు, ఇంకొకరు ఇది వేరే క్యాన్సర్ అన్నారు. ఒకే మనిషికి రెండు బ్లడ్ క్యాన్సర్లు ఉంటాయా, ల్యాబ్ వాళ్ళు పొరబడ్డారా, రెండింటికీ ఒకేసారి కీమో ఇస్తారా అనేది మీ ప్రశ్న.

ఉంటాయి. అరుదే, కానీ హెమటాలజీలో ఎక్కువకాలం పని చేసిన ఎవరిని అడిగినా ఇలాంటివి చూశామనే చెప్తారు, నేనూ చూశాను. రెండు పేర్లు ఉన్నంత మాత్రాన రెండు ట్రీట్‌మెంట్లు మొదలుపెట్టరు. ఇప్పుడు ఒంటికి నష్టం చేస్తున్నది ఏదో తేల్చి ముందు దాన్ని పట్టుకుంటారు, రెండోదాని మీద ఓ కన్నేసి ఉంచుతారు. మీరు రాసిన నంబర్లు చూస్తే నష్టం చేస్తున్నది మైలోమా అనిపిస్తోంది, ఎందుకంటే సీఎల్ఎల్ సాధారణంగా కిడ్నీని, ఎముకల్ని ఇలా దెబ్బతీయదు. అలా అని నేను స్లైడ్లు చూడలేదు, పేషెంటుని చూడలేదు, కాబట్టి కింద రాసేదంతా మీ డాక్టరు గారితో కూర్చుని మాట్లాడటానికి పనికొచ్చే సమాచారం అనుకోండి.

మొదట రెండూ ఒకేచోటికి ఎలా వస్తాయో చెప్తాను. మూలుగలో రక్తకణాలన్నీ తయారవుతాయి. బి లింఫోసైట్లు అనేవి ఒక రకం తెల్లకణాలు, వాటిలో కొన్ని ముదిరి ప్లాస్మా కణాలుగా మారి యాంటీబాడీలు తయారు చేస్తాయి. బి లింఫోసైట్ల దశలో ఒక కణం అదుపు తప్పి పెరిగితే సీఎల్ఎల్, ప్లాస్మా కణం దశలో అదుపు తప్పితే మైలోమా. వయసు పెరిగేకొద్దీ ఈ రెండింటికీ ముందు దశలు చాలామందిలో ఏ లక్షణమూ లేకుండా ఉంటాయి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక కౌంటీలో చేసిన పెద్ద పరిశోధన 2006లో వచ్చింది, అందులో 50 దాటినవాళ్ళలో సుమారు 3 శాతం మందికి, 70 దాటినవాళ్ళలో 5 శాతం మందికి ఎంజీయూఎస్ అనే మైలోమా ముందు దశ కనిపించింది. అది ఏటా నూటికి ఒకరిలో మాత్రమే మైలోమాగానో అలాంటి ఇంకో జబ్బుగానో మారుతుంది. సీఎల్ఎల్‌కి కూడా ఎంబీఎల్ అని ఇలాంటి ముందు దశ ఉంది. కాబట్టి 67 ఏళ్ళ మనిషిలో రెండూ కలిసి కనిపించడం వింతేం కాదు, ల్యాబ్ పొరపాటే అయి ఉండాలని ముందే అనుకోవద్దు. మన దేశంలో సీఎల్ఎల్ పాశ్చాత్య దేశాల కంటే తక్కువ, మైలోమా మాత్రం వాళ్ళకంటే దాదాపు పదేళ్ళు చిన్న వయసులోనే చూస్తుంటాం, అందుకని ఇక్కడ ఇలాంటి జంట కేసు వస్తే చాలామంది డాక్టర్లకి కొత్తగా అనిపించడం కూడా సహజమే.

ఇక అసలు విషయం. రెండు జబ్బులా, ఒకే జబ్బు రెండు రూపాల్లో కనిపిస్తోందా అనేది మొట్టమొదట తేలాలి. ఇది తేలకుండా మందు మొదలుపెట్టడం నాకు నచ్చదు.

ఎలా తేలుస్తారంటే, ప్రతి బి కణమూ దాని నుంచి వచ్చే ప్లాస్మా కణమూ ఒకే రకం లైట్ చెయిన్ (యాంటీబాడీలో ఒక చిన్న భాగం) మోస్తాయి, అయితే కప్పా లేకపోతే లాంబ్డా. ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తుల్ని బట్టి వాటిని పోల్చే టెస్టు) రిపోర్టులో సీఎల్ఎల్ కణాలకి కప్పా అని, ప్లాస్మా కణాలకి లాంబ్డా అని రాసి ఉంటే అవి రెండు వేరు వేరు క్లోన్లు (ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపులు), అంటే నిజంగా రెండు జబ్బులు. రెండింటికీ ఒకే లైట్ చెయిన్ ఉంటే మాత్రం అక్కడ ఆగాలి, ఎందుకంటే అది ఒకే క్లోన్ కావచ్చు, యాదృచ్ఛికంగా రెండూ కప్పా అయిన వేరే క్లోన్లు కూడా కావచ్చు, అప్పుడు యాంటీబాడీ తయారీకి చెందిన ఐజీహెచ్‌వీ జీన్ సీక్వెన్సింగ్‌తో పోల్చి చూడాల్సి వస్తుంది. ఇది అన్నిచోట్లా చెయ్యరు, ప్రతిసారీ అవసరం కూడా పడదు.

రెండు జబ్బుల్లా కనిపించి నిజానికి ఒకటే అయ్యేవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది ఒక రకం లింఫోమా అయిన వాల్డెన్‌స్ట్రామ్, అందులో లింఫోసైట్లూ ప్లాస్మా కణాలూ రెండూ ఉంటాయి, రక్తంలో ఐజీఎం అనే యాంటీబాడీ ప్రొటీన్ పెరుగుతుంది. నాన్నగారి ప్రొటీన్ ఐజీఎం అయితే మైవైడీ88 అనే మ్యుటేషన్ టెస్టు అడగండి, వాల్డెన్‌స్ట్రామ్‌లో 90 శాతానికి పైగా ఇది పాజిటివ్ వస్తుంది. ఐజీజీ లేదా ఐజీఏ అయితే మైలోమా వైపే మొగ్గుతాం, ఐజీఎం మైలోమా చాలా అరుదు. మార్జినల్ జోన్ లింఫోమాలో కూడా ప్లాస్మా కణాలు పెరగొచ్చు. మామూలు సీఎల్ఎల్ కూడా కొందరిలో కొద్దిగా ఎం ప్రొటీన్ (ఒకే క్లోన్ నుంచి వచ్చే యాంటీబాడీ) తయారు చేస్తుంది, అర గ్రామో ముప్పావు గ్రామో ఉంటే దాన్ని చూసి మైలోమా అని కంగారు పడక్కర్లేదు. ఇంకొకటి రిచ్టర్ ట్రాన్స్‌ఫర్మేషన్, అంటే సీఎల్ఎల్ ఉన్నట్టుండి వేగంగా పెరిగే పెద్దకణాల లింఫోమాగా మారడం. ఒక్కచోట గడ్డ గబగబా పెరగడం, ఎల్‌డీహెచ్ బాగా ఎక్కువ ఉండటం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే దీన్ని అనుమానించి పెట్ సీటీలో ఎక్కడ ఎక్కువ వెలుగుతోందో అక్కడి నుంచి ముక్క తీస్తారు. మీ డాక్టరు గారు "ముదిరింది" అన్నది బహుశా ఈ ఉద్దేశంతో అయి ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మ్యారో రిపోర్టు గురించి, ఎందుకంటే ఇంటివాళ్ళని ఎక్కువ కన్ఫ్యూజ్ చేసేది ఇదే. "స్లైడ్ మీద ప్లాస్మా కణాలు 32 శాతం అని రాశారు, ఫ్లోలో 5 శాతం అని రాశారు, ఏది నమ్మాలి సార్" అని చాలామంది అడుగుతారు. రెండూ నిజమే. నడుం వెనక తుంటి ఎముకలోకి సూది పెట్టి మొదట లాగిన చుక్కల్లో అసలైన మ్యారో ఉంటుంది, అది స్లైడ్లకి పోతుంది, తర్వాత లాగిన దాంట్లో రక్తం కలుస్తుంది, ఫ్లోకి వెళ్ళేది ఎక్కువగా అదే, పైగా ప్లాస్మా కణాలు ఫ్లో ప్రాసెసింగ్‌లో తేలిగ్గా పోతాయి. అందుకని ఫ్లో ఇచ్చే శాతాన్ని లెక్కగా తీసుకోం, ఆ కణాలు క్లోనల్ అవునా కాదా అనేదే దాంట్లో చూస్తాం. శాతం కోసం అన్నిటికంటే నమ్మదగ్గది ట్రెఫైన్, అంటే ఎముకతో సహా తీసే చిన్న కడ్డీలాంటి ముక్క, దానికి సీడీ138 స్టెయిన్ వేసి లెక్కపెడతారు. ఆ ముక్క కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ ఉంటే మంచిది. ఎముకని మెత్తబరచి కోసి స్టెయిన్ వేయాలి కాబట్టి ఆ రిపోర్టు ఆలస్యంగా వస్తుంది. ముందు వచ్చే యాస్పిరేట్ (సూదితో లాగిన మ్యారో) రిపోర్టుని పట్టుకుని నిర్ణయాలు చేసుకోకండి, పేషెంటు పరిస్థితి అత్యవసరం కాకపోతే ఫైనల్ వచ్చేదాకా ఆగండి.

రెండు జబ్బులున్న మ్యారోలో ఒకటి ఇంకోదాన్ని దాచేస్తుంది, ఒకే మడిలో ఏపుగా పెరిగిన కలుపు కింద ఇంకో రకం కలుపు కనపడనట్టు. 38,000 లింఫోసైట్లు ఉన్న మనిషి అనగానే చూసేవాళ్ళ దృష్టి అంతా వాటి మీదే ఉంటుంది, ఫ్లోలో కూడా సీఎల్ఎల్ ప్యానెల్, అంటే ఆ కణాల గుర్తులు మాత్రమే వేస్తారు: సీడీ5, సీడీ19, సీడీ20, సీడీ23, సీడీ200. అవి సరిపోయాయి కదా అని రిపోర్టు ఇచ్చేస్తారు. ప్లాస్మా కణాలకి వేసే సీడీ38, సీడీ138, సీడీ56 వేయకపోతే మైలోమా కనపడదు. అందుకే అనుమానం ఉన్న డాక్టరు మ్యారో రిక్వెస్ట్ ఫారం మీదే "ఎనీమియా, క్రియాటినిన్ ఎక్కువ, మైలోమా ఉందేమో చూడండి" అని రాయాలి. ఫారం మీద ఒక్క లైను సరిగ్గా రాస్తే ల్యాబ్‌లో సగం పని తేలికవుతుంది, దీని గురించి నేను జూనియర్లకి విసుగు లేకుండా చెప్తూనే ఉంటాను.

ఫిష్ (క్రోమోజోముల్లో మార్పులు చూసే టెస్టు) రిపోర్టు విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. 13వ క్రోమోజోమ్‌లో ముక్క పోవడం సీఎల్ఎల్‌లోనూ ఉంటుంది, మైలోమాలోనూ ఉంటుంది. 17పి (17వ క్రోమోజోమ్‌లో ఒక భాగం) పోవడం రెండింటిలోనూ చెడ్డదే. ఇప్పుడు మొత్తం మ్యారోని కలిపి ఫిష్ చేసి "17పి డిలీషన్ 20 శాతం కణాల్లో ఉంది" అని రాస్తే ఆ కణాలు ఎవరివి? సీఎల్ఎల్‌వి అయితే రేపు దానికి మందు ఎంచుకునేటప్పుడు పాత కీమో పనికిరాదు అని అర్థం, మైలోమావి అయితే హై రిస్క్ మైలోమా అని అర్థం, మందులే మారిపోతాయి. అందుకని ప్లాస్మా కణాల్ని సీడీ138తో వేరుచేసి వాటి మీద విడిగా ఫిష్ చేయించాలి. 4;14, 14;16, 11;14 ట్రాన్స్‌లొకేషన్లు (రెండు క్రోమోజోముల ముక్కలు చోట్లు మార్చుకోవడం), 17పి, 1క్యూ ఇవి మైలోమా వైపు చూడాల్సినవి. సీఎల్ఎల్ వైపు 17పి, 11క్యూ, 12వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం, 13క్యూ, వీటితో పాటు టీపీ53 మ్యుటేషన్. ఎన్‌జీఎస్ (చాలా జీన్లని ఒకేసారి చదివే టెస్టు) చేయిస్తే డీఎన్‌ఎంటీ3ఏ, టెట్2 లాంటి మ్యుటేషన్లు కొద్ది శాతంలో కనిపించొచ్చు, అవి పెద్దవయసులో మూలకణాల్లో మామూలుగా వచ్చేవి కూడా అయి ఉంటాయి, వాటిని చూసి మూడో క్యాన్సర్ ఉందని భయపడకండి.

రక్తం, యూరిన్ టెస్టుల్లో సీరం ఎలక్ట్రోఫోరెసిస్ (ఎం ప్రొటీన్ ఉందేమో చూసేది), ఇమ్యునోఫిక్సేషన్ (అది ఏ రకమో చెప్పేది), ఫ్రీ లైట్ చెయిన్స్ మూడూ ఉండాలి. ఎలక్ట్రోఫోరెసిస్ ఒక్కటే నార్మల్ వస్తే మైలోమా లేదనుకోకూడదు, మైలోమాల్లో దాదాపు ఆరింట ఒకటి లైట్ చెయిన్ మాత్రమే తయారు చేస్తుంది, అది ఎం స్పైక్‌గా కనిపించకపోవచ్చు. ఫ్రీ లైట్ చెయిన్ రేషియో మామూలుగా 0.26 నుంచి 1.65 మధ్య ఉండాలి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో సుమారు 3 దాకా ఉన్నా జబ్బు అనలేం. ఎముకలకి ఎక్స్‌రేలు సరిపోవు, హోల్ బాడీ లో డోస్ సీటీ గానీ పెట్ సీటీ గానీ కావాలి. పెట్ సీటీ అయితే రిచ్టర్ అనుమానం కూడా అందులోనే తేలుతుంది కాబట్టి మీ నాన్నగారి కేసులో నేను దానికే ఓటు వేస్తాను. కాల్షియం చూసేటప్పుడు ఆల్బుమిన్ కూడా చూడాలి, ఆల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తక్కువ ఉంటే కాల్షియానికి 0.8 కలుపుకోవాలి, లేకపోతే ఎక్కువ ఉన్న కాల్షియం నార్మల్‌లా కనిపించి మోసం చేస్తుంది.

ఇక దోషి ఎవరు అనే ప్రశ్న. సీఎల్ఎల్‌కి మందు మొదలుపెట్టాల్సిన కారణాల్లో హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గడం ఒకటి, అందుకే మొదటి డాక్టరు గారు సీఎల్ఎల్ ముదిరింది అనుకోవడంలో తర్కం ఉంది. కానీ సీఎల్ఎల్ ఉన్న మనిషిలో రక్తం తగ్గితే అది సీఎల్ఎల్ వల్లే అని రాసేసుకోకూడదు. కారణాలు చాలా ఉంటాయి. మ్యారో నిండా లింఫోసైట్లు నిండి ఎర్రకణాలకి చోటు లేకపోవడం ఒకటి. సొంత ఎర్రకణాల్ని సొంత యాంటీబాడీలే చంపేయడం ఇంకొకటి, దానికి కూంబ్స్ టెస్టు, రెటిక్ కౌంట్, ఎల్‌డీహెచ్, బిలిరుబిన్ చూస్తారు, దాని వైద్యం స్టీరాయిడ్లతో మొదలవుతుంది, అది వేరే దారి. ఐరన్, బీ12 తగ్గడం మన దగ్గర మామూలు. కిడ్నీ పాడైతే రక్తం తయారవదు. ఇన్ని ఉన్నాయి కాబట్టి మిగతా నంబర్లతో కలిపి చదవాలి.

నా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ గారు గుర్తొస్తున్నారు. సీఎల్ఎల్‌తో ఏళ్ళ తరబడి హాయిగా ఉన్నారు, తెల్లకణాలు 40 వేల దగ్గరే అటూ ఇటూగా ఉండేవి. ఆర్నెల్లలో హిమోగ్లోబిన్ 12 నుంచి 9కి దిగింది, వీపు నొప్పి అని ఊళ్ళో డైక్లోఫినాక్ ఇంజెక్షన్లు వేయించుకున్నారు. లింఫోసైట్లు చూస్తే పెరగలేదు, గడ్డలు పెరగలేదు, స్ప్లీన్ పెరగలేదు. సీఎల్ఎల్ అసలు కదలకుండా ఉంటే రక్తం ఎందుకు తగ్గుతోంది? లివర్ టెస్టుల కాగితంలో టోటల్ ప్రొటీన్ 10.4, ఆల్బుమిన్ 2.9 అని ఉంది, అంటే తేడా 7.5, అది 4 దాటితేనే ఆలోచించాలి. ఈఎస్ఆర్ వంద పైన. స్మియర్‌లో ఎర్రకణాలు నాణేలు పేర్చినట్టు అంటుకుని ఉన్నాయి, పక్కనే సీఎల్ఎల్‌కి గుర్తుగా చెప్పే చితికిన స్మడ్జ్ కణాలు. మ్యారోలో సీఎల్ఎల్ కప్పా, ప్లాస్మా కణాలు లాంబ్డా. మైలోమాకి మాత్రమే వైద్యం చేశాం, సీఎల్ఎల్‌ని ముట్టుకోలేదు, హిమోగ్లోబిన్ 12కి తిరిగి వచ్చింది. ఖరీదైన టెస్టుల కంటే ముందు ఆ టోటల్ ప్రొటీన్, ఆల్బుమిన్ తేడా మనకి దారి చూపించింది, మీ నాన్నగారి పాత రిపోర్టులన్నీ తీసి ఆ రెండు నంబర్లు తేదీల వారీగా ఒక కాగితం మీద రాసుకోండి, ఎప్పటి నుంచి పెరుగుతోందో తెలుస్తుంది.

ట్రీట్‌మెంట్‌కి వస్తే, మైలోమా అని రాయగానే అదీ ఎప్పుడూ వెంటనే మొదలుపెట్టేది కాదు. ప్లాస్మా కణాలు 10 శాతం దాటి ఉండి కాల్షియం, కిడ్నీ, రక్తం, ఎముకలు అన్నీ బాగుంటే అది స్మోల్డరింగ్, చాలామందిని అలా చూస్తూ ఉంటాం. ఆ నాలుగింటిలో ఏదైనా దెబ్బతింటే, లేదా ప్లాస్మా కణాలు 60 శాతం దాటితే, లైట్ చెయిన్ రేషియో 100 దాటితే, ఎంఆర్‌ఐలో ఎముకల్లో ఒకటి కంటే ఎక్కువ మచ్చలుంటే మొదలుపెడతాం. అంటే ఒకే మనిషిలో రెండు జబ్బులూ "చూస్తూ ఉందాం" దశలోనే ఉండే అవకాశం కూడా ఉంది, అప్పుడు ఏ మందూ ఇవ్వకపోవడమే సరైన వైద్యం. మీ నాన్నగారిది అలా లేదు.

మైలోమాకి మొదలుపెట్టేది సాధారణంగా బోర్టిజోమిబ్, లెనలిడోమైడ్, డెక్సామెథసోన్, వీలైతే డారటుముమాబ్ కూడా. పక్కన సీఎల్ఎల్ ఉన్నప్పుడు ఈ లిస్టులో ఆలోచించాల్సింది లెనలిడోమైడ్ గురించి. అది సీఎల్ఎల్ మీద కూడా పని చేస్తుంది కానీ కొందరిలో గడ్డలు ఉన్నట్టుండి ఉబ్బి జ్వరం, నొప్పి వస్తాయి, దీన్ని ట్యూమర్ ఫ్లేర్ అంటాం. 2013లో పెద్దవయసు సీఎల్ఎల్ పేషెంట్ల మీద లెనలిడోమైడ్‌ని క్లోరాంబ్యుసిల్‌తో పోల్చిన ట్రయల్‌లో లెనలిడోమైడ్ వైపు మరణాలు ఎక్కువై అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని ఆపించింది. అందుకని రెండూ ఉన్నవాళ్ళలో నేను దాన్ని వదిలెయ్యను గానీ మొదటి సైకిల్లో ఇవ్వను, కిడ్నీ కుదుటపడ్డాక తక్కువ డోసుతో మొదలుపెడతాను, క్రియాటినిన్ 1.9 ఉన్నవాళ్ళకి డోసు ఎలాగూ తగ్గించాల్సిందే. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి బోర్టిజోమిబ్, డెక్సా, కొద్దిగా సైక్లోఫాస్ఫమైడ్ కలిపి మొదలుపెట్టడం నాకు ఇష్టమైన పద్ధతి, బోర్టిజోమిబ్‌కి కిడ్నీ కోసం డోసు మార్చక్కర్లేదు, సైక్లోఫాస్ఫమైడ్, స్టీరాయిడ్ సీఎల్ఎల్‌ని కూడా కొంత అదుపులో పెడతాయి. అందరు డాక్టర్లూ ఇలాగే చెయ్యాలని లేదు, ఇలాంటి జంట కేసులకి పెద్ద ట్రయల్స్ లేవు, అనుభవం మీదే నడుస్తాం.

స్టీరాయిడ్ మొదలుపెట్టాక తెల్లకణాలు 38 వేల నుంచి 60 వేలకి పెరగొచ్చు. కంగారు పడకండి. గడ్డల్లో ఉన్న లింఫోసైట్లు రక్తంలోకి వస్తాయి, అది జబ్బు పెరగడం కాదు.

రెండింటికీ ఒకేసారి మందు కావాల్సిన సందర్భాలు ఉంటాయి, మైలోమా చురుగ్గా ఉండి పక్కన సీఎల్ఎల్ గడ్డలు పది సెంటీమీటర్లు దాటడం, స్ప్లీన్ బాగా పెరగడం, లింఫోసైట్లు ఆరు నెలల్లోపే రెట్టింపవడం లాంటివి. అప్పుడు మైలోమా మందులకి రిటుక్సిమాబ్ కలపడం ఒక దారి. బీటీకే మందులు, అంటే అకాలబ్రుటినిబ్, జానుబ్రుటినిబ్ లాంటివి, కొన్నిచోట్ల కలిపి ఇస్తారు, గుండె దడ, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్లు చూసుకోవాలి. వెనెటోక్లాక్స్ సీఎల్ఎల్‌కి అద్భుతమైన మందు, మైలోమాలో 11;14 ట్రాన్స్‌లొకేషన్ ఉన్నవాళ్ళలో బాగా పని చేస్తుంది, అలాంటి మనిషికి ఒక్క మందుతో రెండు జబ్బులూ తగ్గే అవకాశం ఉంది. ఆ ట్రాన్స్‌లొకేషన్ లేకపోతే మైలోమా కోసమని వాడకూడదు, 2019లో బెల్లిని అనే ట్రయల్‌లో బోర్టిజోమిబ్‌తో వెనెటోక్లాక్స్ కలిపినవాళ్ళలో మరణాలు ఎక్కువగా కనిపించాయి, వాటిలో ఇన్‌ఫెక్షన్లవి చాలా ఉన్నాయి. వెనెటోక్లాక్స్ మొదలుపెట్టేటప్పుడు 20 మిల్లీగ్రాములతో మొదలై 50, 100, 200, 400 అని వారం వారం పెంచుతారు, ఒక్కసారిగా ఇస్తే కణాలన్నీ ఒకేసారి చచ్చి పొటాషియం, యూరిక్ యాసిడ్ పెరిగి ప్రాణం మీదకి వస్తుంది. ఫంగస్ మందులు పోసకొనజోల్, వొరికొనజోల్, యాంటీబయాటిక్ క్లారిథ్రోమైసిన్ దీని స్థాయిని బాగా పెంచేస్తాయి, వేరే డాక్టరు దగ్గర జలుబుకో దగ్గుకో చూపించుకున్నా ఈ మందు పేరు చెప్పాలి.

డారటుముమాబ్ పెడుతుంటే మొదటి డోసుకి ముందే బ్లడ్ గ్రూప్‌తో పాటు రెడ్ సెల్ ఫినోటైప్ చేయించి పెట్టుకోండి, ఆ మందు తర్వాత క్రాస్ మ్యాచ్‌లో గందరగోళం వచ్చి రక్తం దొరకడం ఆలస్యమవుతుంది. ఆ మందు కూడా ఒక ఐజీజీ కప్పా యాంటీబాడీయే కాబట్టి ఇమ్యునోఫిక్సేషన్‌లో సన్నని గీతగా కనిపిస్తుంది, జబ్బు మిగిలిపోయిందనుకునే ప్రమాదం ఉంది.

67 ఏళ్ళంటే ఆటో ట్రాన్స్‌ప్లాంట్ (సొంత మూలకణాలే తీసి తిరిగి ఎక్కించడం) కుదరదని కాదు, గుండె, కిడ్నీ, ఓపిక చూసి చేస్తాం. కాకపోతే రక్తం నుంచి సేకరించే మూలకణాల సంచిలో సీఎల్ఎల్ కణాలు కూడా వస్తాయి. సీఎల్ఎల్ నిదానంగా ఉంటే అదేమీ పెద్ద అడ్డంకి కాదు, ముందే తెలిసి చేస్తే చాలు.

వేరే జబ్బుల జంటల గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. పక్కన ఏఎంఎల్ (వేగంగా ముదిరే బ్లడ్ క్యాన్సర్) ఉంటే ఇక ఆలోచన లేదు, అదే ముందు. ఏఎంఎల్, సీఎల్ఎల్ కలిసి ఉన్న పెద్దవాళ్ళలో అజాసైటిడిన్, వెనెటోక్లాక్స్ రెండింటి మీదా పని చేస్తాయి. సీఎంఎల్ అనే ఇంకో బ్లడ్ క్యాన్సర్‌తో పాటు జాక్2 జబ్బు (జాక్2 జీన్ మ్యుటేషన్‌తో రక్తకణాలు పెరిగేది) ఉండటం నేను చూశాను: ఇమాటినిబ్‌తో సీఎంఎల్ గుర్తు అయిన బీసీఆర్ ఏబీఎల్ చక్కగా పడిపోయింది, ప్లేట్‌లెట్లు మాత్రం 8 లక్షల దగ్గరే ఉండిపోయాయి, అందరూ ఆయన మందు సరిగ్గా వేసుకోవట్లేదనుకున్నారు, పాపం ఆయన ఒక్క పూట కూడా మానలేదు. జాక్2 చేస్తే పాజిటివ్. ఇమాటినిబ్ కొనసాగిస్తూ హైడ్రాక్సీయూరియా, ఆస్పిరిన్ కలిపాం. మాస్ట్ కణాలు పెరిగే మాస్టోసైటోసిస్ అయితే చాలాసార్లు ఇంకో రక్త జబ్బుతో కలిసే వస్తుంది, అక్కడ కిట్ మ్యుటేషన్ చూడాలి. ఇక మెల్ఫలాన్ లాంటి కీమో మందులు వాడిన ఐదారేళ్ళకి అన్ని కౌంట్లూ పడిపోతే పాత జబ్బు తిరగబెట్టిందని ఊరుకోకుండా 5, 7 క్రోమోజోములు చూడాలి, అది మందుల వల్ల వచ్చిన ఎండీఎస్ (మూలుగ రక్తకణాల్ని సరిగ్గా తయారు చేయలేని జబ్బు) కావచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. స్లైడ్లు, ట్రెఫైన్ బ్లాకు ల్యాబ్ నుంచి తీసుకోండి, అవి పేషెంటువి, అడిగితే ఇస్తారు. వెల్లూరు సీఎంసీ, ముంబై టాటా మెమోరియల్ లాంటి చోట్ల బయటి స్లైడ్లు రివ్యూ చేస్తారు, హైదరాబాద్‌లోనూ హెమటోపాథాలజిస్టులు ఉన్న పెద్ద ఆస్పత్రులు ఉన్నాయి. ఇలాంటి కేసులో రివ్యూ చేయించడం మీ డాక్టరుని అనుమానించినట్టు కాదు, మంచి డాక్టరైతే ఆయనే పంపిస్తారు. ఖర్చు గురించి భయం ఉంటే, బోర్టిజోమిబ్, లెనలిడోమైడ్ జెనరిక్‌లు మన దేశంలోనే తయారవుతాయి, డారటుముమాబే ఖరీదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని మందు పేరు చెప్పి అడగండి.

నడుం నొప్పికి డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఈరోజు నుంచే ఆపేయండి, ఉన్న కిడ్నీ కాస్తా పోతుంది, పారాసెటమాల్, అది చాలకపోతే ట్రమడాల్ డాక్టరుని అడిగి వాడండి. గుండె సమస్య లేకపోతే నీళ్ళు బాగా తాగించండి. కాంట్రాస్ట్ సీటీ అంటే ముందు క్రియాటినిన్ చెప్పండి. ఎముకలకి జోలెడ్రోనిక్ యాసిడ్ పెట్టేముందు పళ్ళ డాక్టరుకి చూపించండి, తీయాల్సిన పన్ను ఉంటే ముందే తీయించాలి, తర్వాత తీస్తే దవడ ఎముక మానకపోవచ్చు. కిడ్నీ ఇలాగే ఉంటే దాని డోసు కూడా తగ్గించాలి.

మందు మొదలుకాకముందే హెపటైటిస్ బి టెస్టులు రెండు, హెచ్‌బీఎస్ యాంటిజెన్, యాంటీ హెచ్‌బీ కోర్ చేయించాలి, మొదటిది ఒక్కటే సరిపోదు. పాత టీబీ ఉందేమో చూడాలి. సీఎల్ఎల్, మైలోమా రెండూ మంచి యాంటీబాడీల్ని తగ్గించేస్తాయి కాబట్టి రెండూ ఉన్నవాళ్ళని నిజంగా ప్రమాదంలో పడేసేది చాలాసార్లు న్యుమోనియానే. న్యుమోకాకల్, ఫ్లూ టీకాలు వేయించండి, లైవ్ టీకాలు వద్దు. బోర్టిజోమిబ్ వాడినన్నాళ్ళూ సర్పి రాకుండా అసైక్లోవిర్ ఉండాలి, డోసు మాత్రం కిడ్నీని బట్టి.

జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, ఊళ్ళో ఇంజెక్షన్ వేయించి చూద్దాం అనుకోవద్దు, అదే రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కాళ్ళు మొద్దుబారినా, నడవలేకపోయినా, మూత్రం ఆగిపోయినా అదీ అంతే, వెన్నుపాము నొక్కుకుంటోందేమో ఆరోజే ఎంఆర్‌ఐ తీయించాలి. ఇమ్యునోఫిక్సేషన్, ఫ్లో రిపోర్టుల్లో లైట్ చెయిన్ ఏమని రాశారో, టోటల్ ప్రొటీన్, ఆల్బుమిన్, కాల్షియం ఎంతో పేరు, ఆస్పత్రి వివరాలు లేకుండా ఇక్కడ కింద రాయండి, చూసి చెప్తాను.